బ్రాకెట్లో ముగ్గురు

రాత్రి బడికి అందరికంటే ఆలస్యంగా వస్తుంది ఆమె.
ఎనిమిదిన్నరకి కొండ లిఫ్టు ఆగాలి,
గల్లా లెక్క చూడాలి, తాళం వేయాలి,
వాల్పరైసో మెట్లన్నీ మోకాళ్లతో తిట్టుకుంటూ దిగాలి.
ఎర్మిండా కాత్రిలేయో. యాభై మూడేళ్లు.
వెనక బెంచీలో కూలబడి ముందు బూట్లు విప్పుతుంది.

"అక్షరం అంకె ఎట్లా అవుతుంది, ప్రొఫె?
మా ఇంటి గుమ్మం మీద కూడా
అంకె అంకే, అక్షరం అక్షరమే."

పుస్తకంలో ఉన్నట్టే చెప్పాను.
ఎక్స్ అంటే చరరాశి, ఒకచోట నిలవదు,
దాని స్థానంలో ఏ సంఖ్యనైనా ప్రతిక్షేపించవచ్చు.
హీటరు ఒక్కటే ఊఁ కొట్టింది.

అప్పుడు అడిగాను,
రేపు నీ లిఫ్టు ఎంతమంది ఎక్కుతారు?
"రేపటి సంగతి ఇవాళెట్లా తెలుస్తుంది?"
అదే ఎక్స్.
"ఈ ముక్క ముందే చెప్పొచ్చుగా" అని విసుక్కుని
పెన్సిలు మొన నాలిక్కి తాకించి రాసింది.
మనిషికి వంద పెసోలు.
100x.

ఎవరి పని మీద వాళ్లు ఒక సమాసం రాసుకురమ్మన్నాను.
రొట్టెల బట్టీ ఓస్వాల్దో పిండి బస్తాలు రాశాడు,
పీతలమ్మే పిల్ల ఐసు ఖర్చు రాసింది.
ఎర్మిండా కాగితం మీద
100x − 3.

మూడు పెసోలా?
మూడు పెసోలకి అగ్గిపుల్లయినా రాదే!
"పెసోలు కాదు ప్రొఫె, మనుషులు.
అకార్డియన్లు శ్రుతిచేసే వెండెలీనో, చూపు లేదు.
గ్యాసు సిలిండరు భుజానేసుకుని ఎక్కే ఆవిడ.
ఇంకొకడు, మోకాలు వాచిన పిల్లాడు.
వాళ్ల దగ్గర నేను తీసుకోను."

మనుషుల్లోంచి తీయాల్సినవాళ్లని
డబ్బుల్లోంచి తీశావు, అన్నాను.
412 పెట్టి చూడు.
ఇట్లా అయితే నలభై ఒక్కవేల నూట తొంభై ఏడు,
బ్రాకెట్ పెడితే నలభై వేల తొమ్మిది వందలు.
లిఫ్టు తలుపులు మూసినంత నిదానంగా
ఆమె ముగ్గురి చుట్టూ రెండు వంకరగీతలు గీసింది.
100(x − 3).

మరి తిరుగుడు గేటు 412 అని చూపిస్తుంది కదా,
కంపెనీవాళ్లు ఊరుకుంటారా?
తలెత్తకుండానే పక్కన రాసింది
+ 300.
గల్లా అరలోంచి కాదు, ఆప్రాన్ జేబులోంచి.

ఇప్పుడు సూక్ష్మీకరించు, అనాలి నేను.
మూడొందలూ మూడొందలూ కొట్టేసుకుపోతాయి,
మళ్లీ 100x మిగుల్తుంది,
జేబు ఉన్న ఆనవాలే ఉండదు.
అనలేదు.
సమాసంలో సమానమన్న గుర్తు లేదు కదా,
తేల్చాల్సిన తొందరేం లేదు.

జూన్లో వానలు పట్టుకున్నాయి.
ఒకరోజు తడిజుట్టుతో వచ్చి
కాగితం చిరిగేదాకా 3ని రుద్దేసింది.
"నిన్న ఏడుగురు ప్రొఫె. మొన్న ఇద్దరే,
వెండెలీనోకి దగ్గు.
మూడు ఎప్పుడూ మూడు కాదు,
నేనే అట్లా అనుకున్నాను."
ఆ చిరుగు పక్కన కొత్త అక్షరం ఒకటి,
ఎవరూ నేర్పకుండా:
100(x − y) + 100y.

తుపాను ఆదివారం రేవు మూసేశారు.
రోజంతా ఎక్కింది ముగ్గురే, ఆ ముగ్గురే.
సోమవారం బోర్డు దగ్గరికి తనే వచ్చింది.
ముందు బ్రాకెట్ లోపల:
మూడులోంచి మూడు, సున్నా.
వందతో గుణించినా సున్నా.
తర్వాత జేబు, మూడొందలు.

సుద్ద పట్టుకుని అట్లాగే నిలబడింది.
"లోపల సున్నా అంటున్నాం కదా,
లిఫ్టయితే పైదాకా వెళ్లింది ప్రొఫె,
సిలిండరుతో సహా.
అది ఎక్కడ రాయాలి?"

నేను బోర్డు వైపు చూశాను.
హీటరు పక్కన ఆమె బూట్లు
ఇంకా ఆవిరి కక్కుతున్నాయి.